దుప్పటికి వచ్చే చెయ్యి జీతానికి ఎందుకు రాదు?

“మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పేదవారికే చేరుతుంది. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు ఒక్క పైసా వాడం.” విజయవాడలోనూ గుంటూరులోనూ స్వచ్ఛంద ట్రస్టుల కరపత్రాల మీద, వాట్సాప్ పోస్టుల కింద ఈ మాట తరచు కనిపిస్తుంది. రాసినవాళ్ళ నిజాయితీని నేను శంకించను. దాతలు అడిగే భరోసా అదే కాబట్టి వాళ్ళు అదే ఇస్తున్నారు. అయినా ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎవరి జాబితాలోనూ లేనివాళ్ళ ఇంటి దాకా ఒక ట్రస్టు వెళ్ళగలిగిందంటే, ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళిన మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషికీ ఇల్లు గడవాలి, అద్దె కట్టాలి, పిల్లల్ని చదివించుకోవాలి. ఆమెకు జీతం ఇవ్వకుండా అందరినీ కలుపుకుపోయే అభివృద్ధి అని ఎంత మాట్లాడినా, మన సాయం రోడ్డు దాకా వచ్చి నిలబడగలిగినవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది సత్యనారాయణపురంలో. వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న ట్రస్టుకు కోశాధికారిని. రశీదులు రాయడం, జమాఖర్చులు చూడడం, ఆడిటరుకు లెక్కలు అప్పజెప్పడం, దాతలతో మాట్లాడడం నా పని. మన ఊళ్ళలో ఇచ్చే గుణానికి లోటు లేదు. కార్తీకమాసంలో దుప్పట్లు వస్తాయి. బళ్ళు తెరిచే జూన్‌లో నోటు పుస్తకాలు, బ్యాగులు వస్తాయి. పుట్టినరోజులకూ పెద్దల తద్దినాలకూ భోజనాలు పెడతారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు చక్రాల కుర్చీలు ఇచ్చి వెళతారు. “కుర్చీలు ఎన్ని కావాలో చెప్పండి మేనేజరు గారూ, రేపే పంపిస్తాను. జీతాలంటారా, అవి మీరే ఎలాగో సర్దుకోవాలి” అంటారు. అన్నవాళ్ళు మంచివాళ్ళే. ఎక్కడ సర్దాలో మాత్రం వాళ్ళు చెప్పరు, నేను అడగలేను.

ఇది డబ్బు సర్దుబాటు సమస్య ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. పిల్లలకు అందేదీ అందనిదీ దీంతోనే తేలిపోతోంది.

బెజవాడ బాగా తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ బీదాబిక్కీ చాలామంది కొండల మీద ఉంటారు. గుణదల, మాచవరం, మొగల్రాజపురం, విద్యాధరపురం, చిట్టినగర్ వైపు, ఎటు చూసినా కొండవాలు మీద ఇల్లు మీద ఇల్లు కట్టుకుంటూ పైకి పోయారు. రైల్వే స్టేషన్‌లో, వన్‌టౌన్ మార్కెట్లలో, హోటళ్ళలో, కట్టుబడి పనుల్లో బతకడానికి వచ్చినవాళ్ళకు కింద నేల దొరక్క పైకి ఎక్కారు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒక మనిషి దిగుతుంటే ఎక్కేవాళ్ళు పక్కకు తప్పుకోవాలి. గ్యాస్ బండ భుజం మీద మోసుకెళ్ళాల్సిందే. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయినప్పుడు, ఈ ఇళ్ళ సంగతి రాష్ట్రమంతా కొన్నాళ్ళు మాట్లాడుకుంది.

అలాంటి ఒక కొండ మీద సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో లేని వైకల్యం) ఉన్న పిల్లవాడు ఉన్నాడు. ఊరూ పేరూ ఇక్కడ అక్కర్లేదు. ఒక దాత ఆ ఇంటికి చక్రాల కుర్చీ ఇచ్చారు. కింద రోడ్డు మీద తల్లి పిల్లవాణ్ణి అందులో కూర్చోబెట్టింది, ఫోటో తీశారు, దండం పెట్టింది. తర్వాత ఆ కుర్చీని మెట్ల కింద కిరాణా కొట్టు పక్కన మడిచి పెట్టి, కొడుకుని భుజాన వేసుకుని పైకి వెళ్ళిపోయింది. పైన ఇంట్లో ఆ కుర్చీ తిరిగేంత చోటు లేదు, దాన్ని పైకి మోయడానికి మనిషీ లేడు. ఇచ్చినాయన తప్పేం లేదు. ఆయన కొండ ఎక్కలేదు, ఎక్కి చూసి చెప్పే మనిషి కూడా అప్పటికి ఎవరూ లేరు.

మా ఫీల్డ్ వర్కర్, అంటే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చూసొచ్చే మా ఉద్యోగిని, ఎక్కింది. ఆమె చూసొచ్చి చెప్పిన విషయం కుర్చీకి సంబంధించింది కాదు. పిల్లవాడికి వెల్లకిలా పడుకోబెట్టి అన్నం పెడుతున్నారు. మింగడం సరిగా రాని పిల్లలకు అలా పెడితే మెతుకులు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారి మాటిమాటికీ దగ్గు, జ్వరం, న్యుమోనియా వస్తాయి. తల్లి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నది ఆ జ్వరాల కోసమే. ఫిజియోథెరపిస్టును పైకి తీసుకెళ్ళి, పిల్లవాడి నడుమూ తొడలూ కొలిపించి, ఒక వడ్రంగి చేత ప్లైవుడ్‌తో మూలకు ఆనించే కార్నర్ సీటు చేయించింది. వీపు నిటారుగా ఉండేలా, తల పక్కకు వాలిపోకుండా, ముందు చిన్న బల్లతో. దానికైన ఖర్చు ఆ చక్రాల కుర్చీ ఖరీదులో చిన్న వంతు. తల్లికి అన్నం ఎలా పెట్టాలో నేర్పడానికి మాత్రం ఆమె ఆ మెట్లు ఎన్నోసార్లు ఎక్కింది. రశీదు పుస్తకంలో ప్లైవుడ్‌కు ఒక పద్దు ఉంది. ఎక్కిన మెట్లకు పద్దు లేదు, వాటిని జీతం అనే రాయాలి. దాతకు నచ్చని పదం అదే.

తర్వాత సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు తేల్చి ఇచ్చే ధ్రువపత్రం. మన రాష్ట్రంలో వైకల్యం ఉన్నవాళ్ళకు ఏది రావాలన్నా ముందు అది ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 21కి పెంచింది, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారికి ప్రత్యేక ప్రయోజనాలు చెప్పింది, 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య వాళ్ళ హక్కు అంది. చట్టం ఇంత చెప్పినా ఆ కొండ మీద ఉన్న తల్లికి తెలిసింది “సదరం క్యాంపుకి పోవాలంట” అన్నంతవరకే. స్లాట్ బుక్ చేయాలి. స్లాట్ దొరికిన రోజుకు పిల్లవాణ్ణి కిందికి దించి ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ రోజు పనికి పోకపోతే కూలి పోతుంది. ఆధార్‌లో ఐదో ఏట, పదిహేనో ఏట వేలిముద్రలు కొత్తగా వేయాలి. పిడికిలి విప్పలేని పిల్లవాడి వేళ్ళు యంత్రం మీద ఎలా ఆనిస్తారు? అలాంటివాళ్ళకు మినహాయింపు ఉందని కౌంటర్లో కూర్చున్నవాళ్ళకు ఎవరో ఒకరు ఓపికగా చెప్పాలి. ఒకచోట అద్దె ఇంటి అడ్రసు, ఇంకోచోట పుట్టింటి ఊరి అడ్రసు ఉంటే ఆ తేడా సవరించాలి. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాక అది ఎక్కడ ఆగిందో వెనకపడి కనుక్కోవాలి.

ఇదంతా అయితే వచ్చేది ఎంత? 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ఏడాదికి 72,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ద్వారా నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీ ఖర్చులకు కూడా వాడుకోవచ్చు. పిల్లవాడిని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) చేర్పిస్తే అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఉంటారు. ఇవన్నీ ప్రభుత్వం డబ్బులే, చట్టం చెప్పినవే. వాటికీ ఆ తల్లికీ నడుమ ఉన్న దూరాన్ని ఒక మనిషి నడిచి దాటింది. బ్యాంకులో బతుకంతా వడ్డీ లెక్కలు వేసినవాణ్ణి కాబట్టి ఇదీ లెక్కేసి చెబుతున్నాను. ఆమె ఏడాదిలో నాలుగు కుటుంబాలకు పింఛను మంజూరు చేయిస్తే చాలు, ఆ ఇళ్ళకు ప్రతి ఏడూ చేరే డబ్బు ఆమె ఏడాది జీతాన్ని దాటిపోతుంది. ఆమె నాలుగు దగ్గర ఆగదు. దుప్పటి ఆ చలికాలంతో అయిపోతుంది, ఈ పింఛను వచ్చే నెలా వస్తుంది, ఆపై నెలా వస్తుంది.

అది కూడా ఒకసారి చేయించి వదిలేస్తే సరిపోదు. 2025లో సదరం ధ్రువపత్రాలను ప్రభుత్వం మళ్ళీ పరిశీలించినప్పుడు చాలా కుటుంబాలు నోటీసులు పట్టుకుని కంగారుపడ్డాయి. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వం పని, దాన్ని తప్పుపట్టను. కానీ నిజంగా అర్హత ఉన్నవాళ్ళు అప్పీలు ఎలా చేసుకోవాలో చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి కదా. చదువుకున్న ఇళ్ళలో ఆ పని బంధువుల్లో ఎవరో ఒకరు చేస్తారు. ఆ కొండ మీద అలాంటి బంధువు ఉండడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం రికార్డయింది. ఈ ఊరి జనం, చుట్టుపక్కల ఊళ్ళ జనం చేసిన సాయం నేను మర్చిపోలేను. గుంటూరు, తెనాలి, ఏలూరు వైపు నుంచి కూడా పులిహోర పొట్లాలు, పాలు, నీళ్ళ సీసాలు లారీల్లో వచ్చాయి. డ్రోన్లతో ఆహారం అందించారు. అయితే ఫ్లైఓవరు దగ్గర పొట్లాలు గుట్టలు పడుతుంటే, లోపలి వీధుల్లో రెండో అంతస్తు మీద చిక్కుకున్నవాళ్ళు కేకలేస్తూనే ఉన్నారు. మెడలోతు నీళ్ళలో నడిచి బయటికి రాగలిగినవాళ్ళకు రెండుసార్లు అందింది, కదలలేనివాళ్ళకు ఒక్కసారీ అందలేదు. లారీలు తెచ్చినవాళ్ళకు ఆ వీధులు తెలియవు. ఏ ఇంట్లో ఎవరున్నారో అసలే తెలియదు.

మా ఫీల్డ్ వర్కర్ దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఏ పిల్లవాడు ఏ వీధిలో, ఎన్నో అంతస్తులో ఉంటాడు, ఏ మందు వాడుతున్నాడు, ఇంటికి దగ్గరి ఫోన్ నంబరు ఏది. ఆ రాత్రి నుంచి ఆమె అడిగింది తిండి కోసం కాదు, మూర్ఛ మందుల కోసం. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో చాలామందికి ఫిట్స్ ఉంటాయి. మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వరదలో మాత్రలు తడిసిపోయాయి, మెడికల్ షాపులు మునిగిపోయాయి. ఆమె ఫోన్లో పేర్లు, మోతాదులు చెబుతుంటే ఇవతల ఊళ్ళో కొని, పడవల్లో వెళ్తున్న కుర్రాళ్ళ చేతికి ఇచ్చాం. వాళ్ళు ప్రాణాలకు తెగించి తీసుకెళ్ళారు. ఏ ఇంటికి వెళ్ళాలో ఆమె నోటు పుస్తకం చెప్పింది. ఆ పుస్తకం ఒక్క రోజులో తయారైంది కాదు.

నీళ్ళు తీశాక లారీలు ఆగిపోయాయి. నష్టపరిహారం లెక్కలు అప్పుడు మొదలయ్యాయి. మునిగిన గ్రౌండ్ ఫ్లోరు ఇంటికి 25,000, పై అంతస్తుల వారికి 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. లెక్క రాయడానికి వచ్చినవాళ్ళకు ఇంట్లో మనిషి కనబడాలి. బురద ఇంట్లో ఉండలేక పిల్లవాణ్ణి తీసుకుని చుట్టాలింటికి పోయిన తల్లి కనబడదు. అద్దెకున్నవాళ్ళకూ ఇంటి యజమానికీ ఎవరికి రావాలన్న తగువు ఒకటి. ఇలాంటివి తిరిగి రాయించడం, ఫిర్యాదు పెట్టించడం వారాల తరబడి సాగిన పని. ఏ కెమెరా లేని చోట, ఏ దాతా చూడని సమయంలో ఆ పని జరిగింది. నన్నడిగితే ఆ వరదలో మా ట్రస్టు చేసిన అసలు సేవ అదే.

ఈ మాట కొత్తది కూడా కాదు. గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి చరిత్ర చూడండి. అమెరికా నుంచి ఆనా సారా కుగ్లర్ అనే వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చారు. అప్పట్లో ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెయ్యి చూపించుకోవడానికి ఒప్పుకునే రోజులు కావు, గోషాలో ఉన్న ఇళ్ళలో అయితే మరీను. ఓడల్లో ఎన్ని మందులు పంపినా ఆ స్త్రీలకు చేరేవి కావు. వాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగే ఆడ డాక్టరు కావాలి. అమెరికాలోని లూథరన్ చర్చి స్త్రీలు చందాలు పోగుచేసి నిలబెట్టింది ఆ డాక్టరునే. 1898లో ఆస్పత్రి తెరిచారు. ఆవిడ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు సన్యాసిని కావాలని 1920లో ఇదే గుంటూరుకు వచ్చి, సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిలో దశాబ్దాల పాటు పనిచేశారు. ఇక్కడి ఆడపిల్లలకు నర్సింగు, కాన్పులు చేయడం నేర్పారు. 1943లో కాథలిక్ ఆస్పత్రులన్నిటినీ కలిపే సంఘానికి పునాది వేసిందీ ఆవిడే. మతప్రచారం గురించి ఎవరి అభిప్రాయాలు వారికి ఉండొచ్చు, ఆ చర్చ వేరు. నేను చెప్పేది డబ్బు దేనికి వాడారన్న సంగతి. ఉండిపోయే మనిషికి వాడారు.

మన వాళ్ళలోనూ ఆ దారి ఉంది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు శారదా నికేతనం నడిపి, చదువుకు దూరమైన ఆడవాళ్ళను చదివించారు. గోరా గారు, సరస్వతీ గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చి, అంటరానితనం మీద పోరాటాన్ని తమ ఇంటి నుంచే మొదలుపెట్టారు. ఆ కుటుంబం నుంచే 1969లో వాసవ్య మహిళా మండలి వచ్చింది. ఇళ్ళొదిలి పారిపోయి బెజవాడ స్టేషన్‌లో దిగే పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ 1989 నుంచి పనిచేస్తోంది. రైలు దిగి బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లవాడు ఏ ఆఫీసుకూ వచ్చి దరఖాస్తు పెట్టడు. ప్లాట్‌ఫారం మీద తిరిగే మనిషి కళ్ళలో పడాలి, తప్పుడు మనుషుల చేతిలో పడకముందే పడాలి.

ఇలా రాస్తుంటే ఒక మిత్రుడు అడిగారు. “వాళ్ళంతా త్యాగమూర్తులండీ, జీతాలకు చేశారా?” అని. త్యాగం చేసినవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ సేవ అంటే ఊరికే చేసేదే అన్న నియమం పెట్టుకుంటే, సేవ చేసే అర్హత నాలాంటివాళ్ళకే మిగులుతుంది. నాకు నెల తిరిగేసరికి పెన్షన్ పడుతుంది, సొంత ఇల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు. నేను ఊరికే చేయగలను. మా ఫీల్డ్ వర్కర్ అలా చేయగలిగే స్థితిలో లేదు. ఆమె కూడా ఒక కొండ ఇంట్లోనే పుట్టి పెరిగింది. తమ్ముడికి పోలియో. ఆ ఇళ్ళ తలుపు కొట్టి “అక్కా, ఉన్నావా” అంటూ లోపలికి వెళ్ళగలదు, అదే గుమ్మం ముందు నన్ను చూస్తే అందరూ లేచి నిలబడి కుర్చీ కోసం వెతుకుతారు. అలాంటి అమ్మాయికి ఉద్యోగం ఇచ్చి, ఆమె మాటకు విలువిచ్చి, ప్రతి నెలా ఒకటో తారీకున జీతం వేయడం కూడా అందరినీ కలుపుకోవడంలో భాగమే. ప్రస్తుతం చాలా చిన్న ట్రస్టుల్లో ఫీల్డ్ వర్కర్‌కు వచ్చేది బట్టల షాపులో సేల్స్ గర్ల్ జీతానికన్నా తక్కువ. రెండేళ్ళు పని నేర్చుకుని వీధులన్నీ తెలిసేసరికి వాళ్ళు ఆ షాపుకే వెళ్ళిపోతున్నారు. వెళ్ళినప్పుడల్లా ఆ నోటు పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలవుతుంది.

మన ప్రాంతంలో దానధర్మాలకు ఇంకో గట్టి సంప్రదాయం ఉంది: కులం పేరిట కట్టిన సత్రాలు, హాస్టళ్ళు. వాటిలో ఉండి చదువుకున్న పల్లెటూరి పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. ఆ మేలును తక్కువ చేయను, మా ఇంట్లోనూ ఆ మేలు పొందినవాళ్ళున్నారు. అయితే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ఒక గీత గీసింది. ఆ చట్టం వచ్చాక ఒక మతానికో కులానికో మాత్రమే పరిమితంగా పెట్టిన ధర్మసంస్థలకు పన్ను మినహాయింపు లేదంది, ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటిని మాత్రం దీన్నుంచి తప్పించింది. అది సబబైన గీత. మనకు తెలిసినవాళ్ళకు, మనవాళ్ళు అనిపించినవాళ్ళకు ఇవ్వడం సులువు. మన చుట్టరికంలో, మన వీధిలో, మన గుడి దగ్గర కనిపించే కష్టమే మనకు తెలుస్తుంది. మిగతావాళ్ళ కష్టం తెలియాలంటే మనకు తెలియని వీధుల్లో రోజూ తిరిగే ఒక మనిషి మన కోసం చూసి రావాలి. మిర్చి సీజన్లో కర్నూలు వైపు నుంచి గుంటూరు జిల్లా పొలాలకు కోతలకు వచ్చే కుటుంబాల పిల్లలు ఏ బడి రిజిస్టరులో ఉన్నారో ఆఫీసులో కూర్చుంటే తెలియదు. ఆ పాకల దగ్గరికి పొద్దున్నే, వాళ్ళు చేలోకి వెళ్ళకముందే వెళ్ళాలి.

ఇప్పుడు దాతల అనుమానం సంగతి. అది న్యాయమైన అనుమానం. జీతాల పేరుతో డబ్బు వ్యవస్థాపకుడి బావమరిదికీ కోడలికీ వెళ్ళే ట్రస్టులు ఉన్నాయి. అందుకే చట్టం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ధర్మకార్యాలకు ఖర్చు పెట్టాలి, లేదా మిగుల్చుకోవడానికి నిర్ణీత పద్ధతి పాటించాలి. వ్యవస్థాపకులకు, వాళ్ళ బంధువులకు చేసిన పనికి తగ్గ జీతం కాకుండా అదనంగా లాభం చేకూర్చితే మినహాయింపు పోతుంది. కాబట్టి దాతలు అడగాల్సిన ప్రశ్న జీతాలు ఇస్తున్నారా లేదా అని కాదు. ఎవరికి ఇస్తున్నారు, వాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారు, వాళ్ళు మీకు ఏమవుతారు అని అడగండి. ఆడిట్ రిపోర్టు చూపించమనండి. చూపించని ట్రస్టుకు దుప్పటి కూడా ఇవ్వకండి. జీతాలే లేవని చెప్పే ట్రస్టు లెక్కల్ని నేనైతే ఇంకా జాగ్రత్తగా చూస్తాను, ఎందుకంటే పని జరిగి ఉంటే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట దాని ఖరీదు భరించి ఉండాలి.

చట్టాలను తీరిగ్గా చదివితే ఇంకో విషయం తెలుస్తుంది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అది చూసి చాలామంది జీతాలన్నీ అందులోకే వస్తాయనుకున్నారు. కానీ ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం పరిపాలన ఖర్చు కిందకు రావని ఆ చట్టం నిబంధనలే చెబుతున్నాయి. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు తమ లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెడుతున్నాయి. అక్కడ 5 శాతం అని చెప్పే పరిమితి కంపెనీ తన సొంత ఆఫీసు నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద ఉన్నది, ప్రాజెక్టు నడిపే మనిషి జీతం మీద కాదు. అంటే ఆస్పత్రికి డాక్టరు ఎలాగో, కొండ మెట్లకు ఫీల్డ్ వర్కర్ అలాగ. ఆమే ఆ కార్యక్రమం. అయినా కంపెనీల వాళ్ళతో కూర్చున్నప్పుడు శిలాఫలకం వేసుకునే గదికి డబ్బు వస్తుంది, ఆ గదిలో పనిచేసే మనిషికి ఏడాది తర్వాత రాదు. ఇలా తాళం పడ్డ థెరపీ గదులు ఉన్నాయి, పరికరాలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి.

ప్రభుత్వమే ఇదంతా చేయాలి కదా అంటారు కొందరు. చేయాలి, అందులో వాదన లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాల వ్యవస్థలో పట్టణాల్లో సుమారు 4,000 జనాభాకు ఒకటి చొప్పున వార్డు సచివాలయం పెట్టారు. అది మంచి పని. కానీ నాలుగు వేల మందిని చూడాల్సిన ఉద్యోగి ఒక్క పిల్లవాడి వేలిముద్ర కోసం పదిసార్లు కొండ ఎక్కలేడు. ఆయనకు సర్వేలున్నాయి, పింఛన్ల పంపిణీ ఉంది, పైనుంచి రోజుకొక యాప్ ఉంది. ట్రస్టు ప్రభుత్వానికి బదులు కాకూడదు, కాలేదు కూడా. ఏ ట్రస్టూ ఒక పిల్లవాడికి నెలకు 6,000 చొప్పున బతికినన్నాళ్ళూ ఇవ్వలేదు. ప్రభుత్వం ఇవ్వగలదు. ఆ పిల్లవాడు ఉన్నాడని ప్రభుత్వానికి తెలియజేసి, వచ్చేదాకా వెంటపడి, మధ్యలో ఆగితే మళ్ళీ వెళ్ళి అడగడం ట్రస్టు చేయగలదు. ఈ పనికి బియ్యం బస్తాలు అక్కర్లేదు.

వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు అందరూ చివరికి అడిగే ప్రశ్న ఒకటుంది: “మా తర్వాత వీడికి ఎవరు?” 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దీనికి కొంత దారి చూపించింది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్న పిల్లలకు 18 ఏళ్ళు నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించడానికి జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. అందులో కలెక్టరుతో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు తప్పనిసరిగా కూర్చుంటారు. ఆ చట్టం రాసినవాళ్ళ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. కష్టం పడేవాడు కూడా బల్ల దగ్గర కూర్చోవాలన్నారు. మన ట్రస్టు డీడులు తీసి చూస్తే వ్యవస్థాపకుడు, ఆయన భార్య, కొడుకు, ఇద్దరు స్నేహితులు కనిపిస్తారు. ఎవరి కోసం ట్రస్టు పెట్టారో వాళ్ళ పేరు ఉండదు.

మా ట్రస్టులో ఇప్పుడు ఇద్దరు తల్లుల్ని బోర్డులోకి తీసుకున్నాం. ఒకావిడ ఇళ్ళలో పనిచేస్తుంది, ఇంకొకావిడకు టిఫిన్ బండి ఉంది. మొదటి సమావేశంలో కొత్త పరికరాల జాబితా చదివాను. వాళ్ళు విన్నారు. “అవి సరేనండీ. ఈ అమ్మాయి ఒక్కతే ఇన్ని కొండలు తిరుగుతుంది. పెళ్ళై వెళ్ళిపోతేనో, జబ్బు చేస్తేనో మా ఇళ్ళు ఎవరికి తెలుసు? ఇంకో మనిషిని పెట్టండి, ఇప్పటి నుంచే ఆవిడ వెంట తిప్పండి” అన్నారు. జాబితా పక్కన పెట్టి ఆ తీర్మానమే రాశాం. ఈ ఏడాది దాతలను ఆ రెండో మనిషి మూడేళ్ళ జీతం కోసమే అడుగుతున్నాం. రశీదు మీద ‘జీతాల నిధి’ అనే రాసి ఇస్తాను.